జూలై నెల పాల లెక్క

మా అమ్మ వంటింటి గోడకి ఒక మేకు ఉంది. ఏటా దానికి వెంకట్రామా కేలండర్ ఒకటి వేలాడుతుంది. తిథులూ వర్జ్యాలూ చూడరని కాదు గానీ, మా ఇంట్లో ఆ గళ్లకి అసలు పని పాల లెక్క. లీటరు పోస్తే 1, అర పోస్తే ½, పాలవాడు రాకపోతే ఇంటూ. నెలాఖరున కింద అంచు మీద మొత్తం వేసి, పక్కన "ఇచ్చేశాను" అని రాస్తుంది. నెల తిరగ్గానే ఆ కాగితం చిరిగి అలమరలో డబ్బాల కిందికి వెళ్తుంది.

కందిపప్పు డబ్బా కింద నాకు 2024 జూలై కాగితం దొరికింది. మడతలు పడింది, ఒక మూల నూనె పీల్చింది. 19వ తేదీ గడి మీద పసుపుపచ్చగా ఒక వేలిముద్ర. ఆ ముద్ర చూసి కాగితం బ్యాగులో పెట్టుకుంటుంటే అమ్మ అడ్డుపడింది.

"ఆ మరకల కాగితం దేనికే? వాడికి లెక్క ఇచ్చేశాంగా!"

దానితో డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీ ఒకటి చేశాను. ఎలా చేశానో, ఎక్కడ తప్పానో వరసగా చెబుతాను. మీ ఇంట్లో పాల లెక్క లేకపోతే చాకలి పద్దు ఉంటుంది, మందుల చీటీ ఉంటుంది, ఫ్రిజ్ మీద అంటించిన సరుకుల జాబితా ఉంటుంది. పెళ్లి ఫొటోలతో మాత్రం మొదలుపెట్టకండి. వాటికి ఇప్పటికే ఇంత లావు ఆల్బం ఉంది, ఏడాదికోసారైనా ఎవరూ తెరవరు.

స్క్రాప్‌బుక్ అంటే మనకి తెలియనిదేం కాదు. వారపత్రికల్లో సినిమా బొమ్మలు కత్తిరించి పాత నోటు పుస్తకంలో అన్నం మెతుకులతో అంటించినవాళ్లం. అమెరికాలో మార్క్ ట్వేన్ 1873లో, ముందే జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్‌కి పేటెంటే తీసుకున్నాడు. తడి చేసి అతికించడమే. మన మెతుకుల పుస్తకాలని బొద్దింకలు తినేశాయి. కంప్యూటర్లో చేసే పేజీకి ఆ భయం లేదు, వేరే భయాలున్నాయి. వాటి సంగతి తర్వాత.

ముందు కాగితాన్ని కంప్యూటర్లోకి తేవాలి. స్కానర్ ఉంటే మంచిదే, 300 డీపీఐ చాలు, పెద్దది చేయాలనుకుంటే 600. కానీ గోడ కేలండర్ ఏ4 కన్నా పెద్దది, జిరాక్సు షాపు స్కానర్ మీద పట్టలేదు. కాబట్టి ఫోనే. ఒక రాత్రంతా పరుపు కింద పెడితే మడతలు సగం పోయాయి. పొద్దున తొమ్మిదింటికి వసారాలో, ఎండ పడని చోట, నేల మీద పరిచాను. మూలలు లేవకుండా గ్లాసులు పెడితే వాటి నీడ పడింది. తీసేసి రూపాయి బిళ్లలు పెట్టాను. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైటూ వద్దు. దగ్గరికి వంగి తీస్తే అంచులు విల్లులా వంగుతాయి. స్టూలెక్కి, రెండింతల జూమ్ పెట్టి, ఫోను నేలకి సమానంగా పట్టుకుని తీశాను. కాస్త పక్కకి ఒరిగినా పర్వాలేదు, తర్వాత పర్‌స్పెక్టివ్ టూల్‌తో నాలుగు మూలలూ లాగి సరిచేయొచ్చు.

ఫోనులో డాక్యుమెంట్ స్కానర్ యాప్ ఉందిగా అంటారు. నేనూ అదే వాడాను మొదట. కాగితాన్ని తెల్లగా తోమి, అక్షరాలు నల్లగా చేసి, మరకలన్నీ ఊడ్చేసి ఇచ్చింది. వేలిముద్ర పోయింది. బ్యాంకులో ఇవ్వడానికైతే అలాంటి కాగితం కావాలి, మనకి కాదు. మామూలు కెమెరాతోనే తీయండి.

రెండో ఫొటో చెల్లి దగ్గరుంది. గడప పక్కన పాలగిన్నె, దాని మీద మూత, మూత మీద పిల్లి తియ్యకుండా పెట్టిన రోకలి. వాట్సాప్‌లో పంపింది. నా దగ్గరికొచ్చేసరికి 1600 పిక్సెళ్ల పొడవు, 1200 వెడల్పు. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలని లెక్కేస్తే, ఆ ఫొటో అయిదుంపావు అంగుళాలు దాటి పెరగదు. నాకు మూడంగుళాలే కావాలి గనక సరిపోయింది. పేజీ నిండా పరచాలంటే మాత్రం "ఫొటోలా కాదే, డాక్యుమెంట్‌లా పంపు" అని చెప్పండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఇంకొకటి: వాట్సాప్ ఫైలు పేరులో కనిపించే తేదీని నమ్మకండి. ఫొటో తీసిన తేదీ కాదది. తీసిన తేదీ ఫైలు లోపల ఉంటుంది, వాట్సాప్‌లో ఫొటోగా వస్తే అది రాలిపోతుంది. చెల్లినే అడిగి తెలుసుకున్నాను.

ఇక్కడ అందరూ డిజైన్‌లోకి దూకుతారు. నేను దూకను. ముందు రాత. ఫొటోలన్నీ పేర్చాక మిగిలిన జాగాలో నాలుగు ముక్కలు ఇరికిస్తే "అమ్మ ప్రేమ అమూల్యం" లాంటివే వస్తాయి. మాట ముందు ఉంటే ఎంత జాగా కావాలో మాటే చెబుతుంది. అమ్మకి ఫోన్ చేసి, రికార్డు చేస్తున్నానని చెప్పి, 19వ తేదీ మరక సంగతి అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను:

"శుక్రవారం కదే. గడపకి పసుపు రాస్తుంటే వాడొచ్చి హారన్ కొడతాడు. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు పక్క వీధికి పోతాడు. అలాగే గిన్నె పట్టేస్తాను. పట్టాక ఒత్తు రాసుకోకపోతే మర్చిపోతాను, అదే చేత్తో గడిలో వేసేస్తాను. పెన్నుకీ పసుపే, కాగితానికీ పసుపే. నీకేం పనీ పాటా లేదా?"

"ఒత్తు" అంటే ఏమిటని చెల్లి అడిగింది. వెంటనే, అప్పటికప్పుడు అని. మా అమ్మ మాట. దిద్దలేదు. చివరి ప్రశ్న కూడా తియ్యలేదు.

ఆ గడిలో ఏం రాసుందో మాత్రం అంతుపట్టలేదు. పసుపూ, తడీ కలిసి సిరా కాస్త చెదిరింది. ఒకటో, అరో. దీనికో ఉపాయం ఉంది, పాత ఉత్తరాలు దాచుకున్నవాళ్లందరికీ పనికొస్తుంది. రంగుల ఫొటో అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలు. ఎరుపు పొర ఒక్కటే చూస్తే పసుపు దాదాపు కాగితమంత తెల్లగా కనిపిస్తుంది, నీలం సిరా నల్లగా తేలుతుంది. నీలం పొర చూస్తే తారుమారు, మరక నల్లగా కమ్మేస్తుంది. నేను వాడే గింప్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, దాన్లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ అని ఉంటుంది. నొక్కితే మూడు పొరలు విడివిడిగా వస్తాయి. ఎరుపు పొరలో మరక మాయమై ½ తేటగా బయటపడింది. మిగతా నెలంతా చూస్తే ఇంటూలు రెండు, అరలు ఇంకో రెండు, తక్కినవన్నీ ఒకట్లు. చూసుకున్నాక పేజీలో మాత్రం మరక ఉన్న ఫొటోనే పెట్టాను.

ఇక పేజీ కొలత. అమెరికా వాళ్ల స్క్రాప్‌బుక్ పేజీ 12 అంగుళాల చదరం, అంటే 3600 పిక్సెళ్లు అటూ ఇటూ. మన అలమరల్లో అంత పుస్తకం నిలబడదు. నేను 8 అంగుళాల చదరం తీసుకున్నాను, 2400 పిక్సెళ్లు. ఒకే ఒక్క పేజీ చేసి ఫ్రేము కట్టించుకునేవాళ్లకి ఏ4 మేలు, ఏ కలర్ ప్రింటు షాపులోనైనా పని అయిపోతుంది.

నేపథ్యానికి ఏం వేయాలి? నెట్‌లో రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి: కాగితాల డిజైన్లు, రిబ్బన్లు, గుండీలు. చాలావరకు అక్కడి పండగలకీ అక్కడి ఋతువులకీ చేసినవి. పాల లెక్క పక్కన రాలిన మేపుల్ ఆకులెందుకు? అమ్మావాళ్ల వసారా ఎర్ర గచ్చు ఫొటో తీశాను. అరిగి, అక్కడక్కడా పగిలి, పాత ముగ్గు గీతలు లీలగా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని అడుగు పొరగా వేసి, మీద పలచగా తెలుపు పరిచి మసకబార్చాను. దాని మీద కేలండర్ కాగితం, పూర్తిగా కాదు, 15 నుంచి నెలాఖరు దాకా ఉన్న గళ్లు, కింద మొత్తం రాసిన అంచుతో సహా. కుడివైపు మూడంగుళాల పాలగిన్నె. ఎడమ కింద అమ్మ మాటలు. ప్రతిదీ వేరే లేయర్‌లో ఉండాలి. ఒకదాన్ని జరిపితే ఇంకొకటి కదలకూడదు.

అమ్మ చేతిరాతలోంచి "పాలు రాలేదు" అన్న మాట విడిగా తీసి శీర్షికగా పెట్టాలనిపించింది. ఒక ఇంటూ పక్కన ఆమె విసుగ్గా రాసిన మాట అది. ఆ ముక్క కత్తిరించి, లెవెల్స్‌లో కాగితం రంగు పూర్తిగా తెల్లబడేదాకా లాగి, ఆ లేయర్‌కి మల్టిప్లై అనే మోడ్ పెడితే తెలుపంతా మాయమై సిరా ఒక్కటే కింద రంగు మీద నిలుస్తుంది. గచ్చు మీదే బాల్‌పెన్నుతో రాసినట్టుంటుంది. మా చెల్లి నమ్మలేదు, వేలితో రుద్ది చూసింది, తెరనే.

నీడల విషయంలో పొదుపు కావాలి. గింప్‌లో డ్రాప్ షాడో అని ఉంటుంది, కాగితం పేజీ మీద అంటించినట్టు కనిపించేది దానివల్లే. కొత్తవాళ్లు నలభై పిక్సెళ్ల నీడ పెడతారు, కాగితం గాల్లో తేలుతున్నట్టుంటుంది. అంటించిన కాగితానికి ఆరేడు పిక్సెళ్లు చాలు. అన్నిటికీ వెలుతురు ఒకే వైపు నుంచి రావాలి. గిన్నె ఫొటోలో వెలుగు ఎడమ నుంచి పడుతోంది గనక నీడలన్నీ కుడి కిందికి వేశాను.

తెలుగు అక్షరాల దగ్గర ఒక పూట పోయింది. మొదట వాడిన సాఫ్ట్‌వేర్‌లో "ఇచ్చేశాను" అని కొడితే ఒత్తు విడిపోయి పక్కన కూచుంది. తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే ఇంజను దాన్లో వేరే సెట్టింగ్ వెనక దాగి ఉంటుందని తర్వాత తెలిసింది. గింప్‌లో యూనికోడ్ తెలుగు ఇబ్బంది లేకుండా వస్తుంది. ఫాంట్లకి కొదవ లేదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి: మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గురజాడ, ఇంకా బోలెడు. అమ్మ మాటలకి మండలి వాడాను, చిన్న సైజులోనూ చదవొచ్చు. తేదీకి గిడుగు. వాడుక భాష కోసం అంత పోరాడినాయన పేరున్న ఫాంటు ఈ పేజీలో ఒక్క మూలైనా ఉండాలనిపించింది. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టినంత పెడితే చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. ఒకటిన్నర రెట్లు ఉంచండి.

దాచుకోవడం సంగతి. లేయర్లు విడివిడిగా ఉండే అసలు ఫైలు ఒకటి, అచ్చుకి జేపెగ్ ఒకటి. జేపెగ్ మాత్రమే ఉంచుకుంటే రేపు ఒక అక్షరం దిద్దాలన్నా కుదరదు. ఫైలు పేరు ఏడాది, నెలతో మొదలుపెడితే అవే వరసలో పడతాయి. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, కొన్ని ప్రింటు షాపుల కంప్యూటర్లు తెలుగు పేరున్న ఫైలుని తెరవమని మొండికేస్తాయి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో. ఇందాక వేరే భయాలన్నది ఇదే. ఫోను పోతే బొద్దింకలు తినగా మిగిలినంత కూడా మిగలదు.

ప్రింటు మొదటిసారి చెడింది, నా తప్పే. కత్తిరింపులో అంచు కాస్త పోతుందని తెలుసు, అయినా కేలండర్ కింది అంచుని పేజీ చివరికంటా జరిపాను. "ఇచ్చేశాను"లో "ఇచ్చే" మాత్రం మిగిలింది. అప్పు తీర్చలేదన్నట్టుంది. రెండోసారి చుట్టూ మూడు మిల్లీమీటర్లు, అంటే 35 పిక్సెళ్లు అదనంగా పెంచి పేజీ 2470 చేశాను, నేపథ్యాన్ని అంచుదాకా లాగాను. అక్షరాలేవీ అంచుకి అరంగుళం లోపలికి రాకుండా చూసుకున్నాను. తెర మీద వెలిగినంతగా కాగితం వెలగదు గనక మొత్తాన్ని కొంచెం తెల్లబరిచి ఇచ్చాను. ఈసారి వేలిముద్ర గీతలతో సహా పడింది.

ఊరెళ్లినప్పుడు అమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు తెచ్చుకుంది. పాలగిన్నె చూసి రోకలి గురించి ఏదో అంది. తన మాటలు చదివి, "ఇవన్నీ రాస్తారటే" అని నవ్వింది. ముద్ర ఉన్న గడి చూపించి, ఎరుపు పొర సంగతీ, దాని కింద అర బయటపడిన సంగతీ గొప్పగా చెప్పాను.

"అరా?" అంది. కళ్లజోడు సర్దుకుని, పై వారాలు లేవేమని అడిగి, అసలు కాగితం తెమ్మంది. పక్కనే కూచుని వేళ్ల కణుపుల మీద మొదటి నుంచీ లెక్కపెట్టింది. కింద తను రాసిన 28 చూసింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఇరవై ఏడున్నరేనే. అర లీటరు డబ్బులు ఎక్కువిచ్చాను వాడికి. రేపు రానీ చెబుతాను."