కొత్త ప్రాసెసర్ కొంటే ఆట వేగం పెరుగుతుందా? కొనేముందు చేయాల్సిన కొలతలు

కంప్యూటర్‌లో ఆట తడబడుతూ నడిస్తే చాలామందికి మొదట తోచే మాట ఒకటే: ప్రాసెసర్ పాతబడింది, మార్చాలి. ఆ మార్పుతో కొన్నిసార్లు ఆట నిజంగానే సాఫీగా నడుస్తుంది. కొన్నిసార్లు మాత్రం వేల రూపాయలు ఖర్చుపెట్టినా తెర మీద తేడా కనిపించదు. ఈ రెండింటిలో ఏది జరగబోతోందో డబ్బు కట్టకముందే తెలుసుకునే వీలుంది. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. పది నిమిషాల పరీక్ష, కూడికలు భాగహారాలు వచ్చినవారు చేయగల లెక్క ఉంటే చాలు.

లిలువా వర్క్‌షాపు నేర్పే పాఠం

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న హౌరా జిల్లాలో లిలువా ఉంది. ఈస్ట్ ఇండియన్ రైల్వే కాలంలో, 1900లో మొదలైన క్యారేజ్ అండ్ వ్యాగన్ వర్క్‌షాపు ఈ ఊరికి గుర్తింపు తెచ్చింది. నేడు తూర్పు రైల్వే కింద అక్కడ ప్రయాణికుల కోచ్‌లకు నిర్ణీత కాలానికోసారి పూర్తి మరమ్మతు చేస్తారు.

ఇలాంటి వర్క్‌షాపులో ఒక్కో కోచ్ అనేక విభాగాలను దాటి బయటికి రావాలి. లెక్క సులువుగా ఉండటానికి రెండే విభాగాలు ఉన్నాయనుకుందాం. చక్రాల విభాగం ఒక కోచ్ పనిని 1 రోజులో, రంగుల విభాగం 2 రోజుల్లో పూర్తిచేస్తాయి. అప్పుడు వర్క్‌షాపు నుంచి 2 రోజులకు ఒక కోచ్ చొప్పున బయటికి వస్తుంది. చక్రాల విభాగంలో కొత్త యంత్రం పెట్టి ఆ పనిని సగం రోజుకు తగ్గించినా ఈ లెక్క మారదు. రంగుల షెడ్డు ముందు వేచి ఉండే కోచ్‌ల వరుస మాత్రం పెరుగుతుంది. మొత్తం వేగాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదైన విభాగమే. కంప్యూటర్ ఆటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక్కో చిత్రం వెనుక ఇద్దరి పని

ఆటలో కనిపించే కదలిక నిజానికి వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల వరుస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 144 కావాలంటే ఆ గడువు 6.9 మిల్లీసెకన్లకు తగ్గుతుంది.

ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. ప్రాసెసర్ కీబోర్డు, మౌస్ కదలికలను గమనిస్తుంది. ప్రత్యర్థి పాత్రలు ఏం చేయాలో, బంతి ఎటు పోవాలో లెక్క కడుతుంది. ఏయే వస్తువులను గీయాలో జాబితా రాసి గ్రాఫిక్స్ కార్డుకు ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ జాబితా ప్రకారం తెర మీది లక్షల చుక్కలకు రంగులు నింపుతుంది. అది ఒక ఫ్రేమ్‌ను గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేమ్ పని మొదలుపెడుతుంది. అందువల్ల ఫ్రేమ్‌కు పట్టే సమయం ఇద్దరి సమయాల మొత్తం కాదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సేపు తీసుకుంటే దాదాపు ఆ సమయమే.

ఒకే కంప్యూటర్, రెండు వేర్వేరు జవాబులు

ఉదాహరణకు, లిలువాలో ట్యూషన్లు చెప్పి కొంత డబ్బు కూడబెట్టిన ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. అతని దగ్గర 2018లో వచ్చిన రైజెన్ 5 2600 ప్రాసెసర్, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. అతను రెండు ఆటలు ఆడతాడు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే.

మొదటిది అడవులు, కొండలు, నీటి మెరుపులతో నిండిన భారీ దృశ్యాల ఆట. ఇందులో ఒక్కో ఫ్రేమ్‌కు ప్రాసెసర్ 10, గ్రాఫిక్స్ కార్డు 20 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. 1000ని 20తో భాగిస్తే సెకనుకు 50 ఫ్రేములు. కొత్త ప్రాసెసర్ తన పనిని 6 మిల్లీసెకన్లలో ముగించినా గ్రాఫిక్స్ కార్డుకు 20 పడుతూనే ఉంటుంది. ఖర్చు తర్వాత కూడా ఫ్రేములు 50 దగ్గరే ఆగిపోతాయి.

రెండోది పోటీ ఆట. దృశ్యాలు తేలిక, ఆటగాళ్లు ఎక్కువ. ఇందులో ప్రాసెసర్‌కు 12, గ్రాఫిక్స్ కార్డుకు 6 మిల్లీసెకన్లు పడతాయి. సెకనుకు సుమారు 83 ఫ్రేములు వస్తాయి. కొత్త ప్రాసెసర్ ఆ 12ను 8కి తగ్గిస్తే ఫ్రేములు 125కు పెరుగుతాయి. అయితే అతని మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే అది సెకనుకు 60 సార్లు మాత్రమే చిత్రాన్ని మారుస్తుంది. 125 ఫ్రేములను చూపడం దానికి చేతకాదు. స్పందనలో కొద్దిపాటి చురుకుదనం తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉంటేనే ఆ ఖర్చుకు పూర్తి ఫలితం దక్కుతుంది.

అంటే ‘ఈ ప్రాసెసర్ సరిపోతుందా?’ అనే ప్రశ్నకు ఒక్క ప్రాసెసర్‌ను చూసి జవాబు చెప్పలేం. ఏ ఆట, ఏ సెట్టింగులు, ఏ కార్డు, ఏ మానిటర్ అన్నవి కలిపి చూడాలి.

తేల్చి చెప్పే పరీక్ష

మిల్లీసెకన్ల లెక్క తెలియకపోయినా అడ్డు ఎవరిదో పట్టుకునే మార్గం ఒకటుంది. ముందుగా ఆటలో వీ-సింక్‌ను, ఫ్రేములపై ఉన్న పరిమితిని తీసేయాలి. తర్వాత ఆటలోని ఒకే చోట, ఒకే దృశ్యంలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో రాసుకోవాలి. ఇప్పుడు రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించి మళ్లీ చూడాలి. మొదటి దానిలో 20.7 లక్షల చుక్కలు, రెండో దానిలో 9.2 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు పని బాగా తగ్గుతుంది. ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది.

ఫ్రేములు 50 నుంచి 90కి ఎగబాకితే అడ్డు గ్రాఫిక్స్ కార్డుదే. కొత్త ప్రాసెసర్ అక్కడ వృథా. ఫ్రేములు కదలకుండా 83 దగ్గరే ఉంటే అడ్డు ప్రాసెసర్ వైపు, లేదా దానికి సమాచారం అందించే ర్యామ్ వైపు ఉన్నట్టు.

ఇక్కడ టాస్క్ మేనేజర్‌లోని అంకె చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రాసెసర్ వాడకం 35 శాతమే ఉంది కాబట్టి దానికి ఇంకా సత్తువ ఉందనుకుంటారు. 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం మీద కనిపించేది సుమారు 8 శాతమే. ఆటలోని ప్రధాన పని తరచూ ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అది నిండితే మిగిలిన పదకొండూ ఖాళీగా ఉన్నా ఆట ముందుకు సాగదు. అందుకే గ్రాఫిక్స్ కార్డు వాడకాన్ని చూడటం మేలు. అది 95 శాతం దాటి ఉంటే కార్డే అడ్డు. ఫ్రేములపై ఏ పరిమితీ లేకుండానే అది 60, 70 శాతం దగ్గర తిరుగుతుంటే ప్రాసెసర్‌ను అనుమానించాలి.

సగటు దాచే తడబాటు

ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున, ఒక్కటి మాత్రం 115 మిల్లీసెకన్లకు వచ్చాయనుకుంటే మొత్తం సరిగ్గా 1000 మిల్లీసెకన్లు. లెక్కలో 60 ఫ్రేములు. కంటికి మాత్రం స్పష్టమైన కుదుపు. అందుకే సమీక్షల్లో సగటుతో పాటు ‘1 శాతం లో’ అనే అంకె ఇస్తారు. అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల తీరును అది చెబుతుంది. మంచి ప్రాసెసర్ వల్ల సగటు పెద్దగా మారకపోయినా ఈ అంకె మెరుగుపడవచ్చు. అయితే ర్యామ్ నిండిపోయినా, ఆట పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నా ఇలాంటి కుదుపులే వస్తాయి. ముందు వాటిని పరిశీలించాలి.

గిగాహెర్ట్జ్, కోర్లు, క్యాష్

2004లోనే పెంటియమ్ 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. ఆ తర్వాత చిప్‌లు వేడెక్కడం వల్ల ఈ అంకె నెమ్మదిగానే పెరిగింది. మెరుగుదల ఎక్కువగా ఒక్కో గడియార స్పందనలో జరిగే పనిలో వచ్చింది. కాబట్టి వేర్వేరు తరాల చిప్‌లను గిగాహెర్ట్జ్‌తో పోల్చడం తప్పు.

కోర్లు రెట్టింపైతే వేగం రెట్టింపు కాదు. ఎందుకో 1967లో జీన్ ఆమ్డాల్ వివరించాడు. పనిలో 40 శాతాన్ని పంచడం కుదరకపోతే, మిగిలిన 60 శాతాన్ని 4 కోర్లకు పంచినప్పుడు మొత్తం సమయం 55 భాగాలు. 8 కోర్లకు పంచితే 47.5 భాగాలు. కోర్లు రెట్టింపైనా పెరిగే వేగం 16 శాతమే.

ఆటలకు బాగా ఉపకరించే మరో గుణం క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే చిన్న జ్ఞాపకశక్తి. ర్యామ్ నుంచి సమాచారం తెచ్చుకోవడానికి ప్రాసెసర్ వందల గడియార స్పందనల పాటు ఆగాలి. క్యాష్‌లో దొరికితే ఆ నిరీక్షణ బాగా తగ్గుతుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి దీనికి మంచి ఉదాహరణ. 5800ఎక్స్ కన్నా దాని గడియార వేగం తక్కువ. ఎల్3 క్యాష్ మాత్రం 32 బదులు 96 మెగాబైట్లు. చాలా ఆటల్లో పాతదాన్ని దాటేసింది.

ఖర్చులేని మార్గాలు ముందు

ఒకే ర్యామ్ స్టిక్ ఉన్న కంప్యూటర్‌లో సమాచారం ఒకే దారిలో ప్రయాణిస్తుంది. రెండు స్టిక్‌లను సరైన స్లాట్లలో పెడితే రెండు దారులు తెరుచుకుంటాయి. 3200 వేగం గల ర్యామ్ బయాస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయక 2133 లేదా 2666 దగ్గరే నడుస్తూ ఉండటం కూడా తరచూ జరిగేదే.

తర్వాతిది వేడి. చిప్ తన హద్దుకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గది ఉష్ణోగ్రత 24 నుంచి 38 డిగ్రీలకు పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు 14 డిగ్రీలు పెరుగుతుంది. కోల్‌కతా ఉక్కపోత మనుషులను వేధించేది చెమట ఆరనివ్వకపోవడం వల్ల. చిప్‌కు చెమట పట్టదు; దానికి గాలి వేడి, ఆ గాలికి అడ్డుపడే దుమ్ము ముఖ్యం. హీట్‌సింక్‌ను శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మారిస్తే పోయిన వేగం తిరిగి రావచ్చు.

ఆన్‌లైన్ ఆటల్లో పింగ్ వేరే సంగతి. కోల్‌కతా నుంచి ముంబయికి నేరుగా సుమారు 1,650 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానుపోను కనీసం 16 మిల్లీసెకన్లు తప్పవు. ఏ ప్రాసెసరూ దాన్ని తగ్గించలేదు.

సాకెట్ దగ్గర ఆగి చూడాలి

ప్రాసెసరే అడ్డు అని తేలాక మిగిలే ప్రశ్న: అది పాత మదర్‌బోర్డులో కూర్చుంటుందా? ఏఎమ్4 సాకెట్ ఉన్న బీ450 బోర్డులు బయాస్ అప్‌డేట్ తర్వాత రైజెన్ 5000 తరం వరకు స్వీకరిస్తాయి. అక్కడ చిప్ ఒక్కటి కొంటే చాలు. ఏఎమ్5కు వెళ్లాలంటే బోర్డు మారాలి, డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. సాకెట్ ఆకారం కలిసినంత మాత్రాన సరిపోదు: 2017 చివర్లో వచ్చిన ఇంటెల్ 8వ తరం చిప్‌లు చూపుకు పాత ఎల్‌జీఏ1151 సాకెట్‌లోనే ఇమిడినా, వాటికి 300 శ్రేణి బోర్డు తప్పనిసరి అయింది.

పేర్ల దగ్గరా జాగ్రత్త అవసరం. రైజెన్ 5 5600లో ఎల్3 క్యాష్ 32 మెగాబైట్లు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న 5600జీలో 16 మాత్రమే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి మొదటిదే నయం. ఇక బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. కాల్‌బైశాఖి గాలివానలు విరుచుకుపడే వేసవి సాయంత్రాలు ఆ పనికి తగిన వేళ కాదు.

ఈ లెక్క ప్రకారం లిలువా విద్యార్థికి రెండు దారులున్నాయి. భారీ దృశ్యాల ఆటే ముఖ్యమైతే కూడబెట్టిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు కోసం దాచుకోవాలి. పోటీ ఆటే ముఖ్యమై, 144 హెర్ట్జ్ మానిటర్ కూడా ఉంటే, ఉన్న బోర్డులోనే పట్టే కొత్త ప్రాసెసర్ మంచి కొనుగోలు. ఈ రెండు కోవల్లోకీ రాకపోతే ఉన్న ప్రాసెసర్‌ను శుభ్రం చేసుకుని మరో ఏడాది వాడుకోవడమే లాభం. హౌరా మీదుగా నది దాటి చాందినీ చౌక్ కంప్యూటర్ దుకాణాలకు వెళ్లేముందు, రిజల్యూషన్ మార్చి చూసిన ఆ రెండు అంకెలు కాగితం మీద ఉంటే ఏ దుకాణంలో ఏం అడగాలో స్పష్టంగా తెలుస్తుంది.