కునుకు తీయడం తెలిసిన కెర్నెల్

కంప్యూటరు అనగానే మన విద్యార్థులలో చాలామందికి బల్లమీది తెరే గుర్తుకు వస్తుంది. బోరు మోటారు పక్కన రేకు డబ్బాలో బిగించే సెల్‌ఫోన్ స్టార్టరు కూడా కంప్యూటరే. అయితే లైనులో కరెంటు ఉన్నంతసేపు దానికి తిండికి కొదువ లేదు. అసలు చిక్కు చేని నడుమ పాతే పరికరంతో వస్తుంది. పది నిమిషాలకొకసారి నేలలో తేమ కొలిచి గుర్తుపెట్టుకునే చిన్న డబ్బా ఒకటి ఆళ్లగడ్డ వైపు పొలంలో పెట్టామనుకుందాము. దానికి ఆధారం రెండు పెన్సిలు సెల్లులు మాత్రమే. తడిసిన నల్లరేగడిలో మోకాటి లోతున దిగబడుతూ పోయి సెల్లు మార్చడం ఎంత అవస్థో ఆ ఊళ్లనుంచి బస్సెక్కి నంద్యాలకు చదువుకోవడానికి వచ్చేవారికి వేరే చెప్పనక్కరలేదు.

లెక్క చూద్దాము. సెల్లు సామర్థ్యం 2,400 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకోండి. చిప్పు మేలుకొని ఉంటే 10 మిల్లీ ఆంపియర్లు, గాఢనిద్రలో 10 మైక్రో ఆంపియర్లు లాగుతుందనుకోండి. ఎప్పుడూ మేలుకొనే ఉంటే 240 గంటలు, అనగా పది రోజులు. పది నిమిషాలకు ఒక్క సెకను మాత్రమే మేలుకుంటే సగటు సుమారు 27 మైక్రో ఆంపియర్లు. కాగితం మీద పదేళ్ల మాట! సెల్లు తనంతట తానే నీరసించడం వల్ల అంతకాలం రాదు గాని, పది రోజులకూ ఏళ్లకూ ఉన్న ఆ తేడా మాత్రం నిజమే. ఆ తేడాను మనకు సంపాదించి పెట్టేవే కెర్నెల్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ఫంక్షన్లు.

కెర్నెల్ చేసే మొదటి పని తన గడియారాన్ని తానే ఆపుకోవడం. మామూలుగా కెర్నెల్‌కు సెకనుకు వంద నుంచి వెయ్యి సార్లు టిక్ అనే ఇంటరప్ట్ వస్తుంది. ఏ పనీ లేకున్నా లేచి చూసి మళ్లీ పడుకోవాలి. కె.సి. కెనాల్ తూము దగ్గర లస్కరు నీళ్లు వచ్చాయా అని నిమిషానికొకసారి లేచి చూస్తే ఏం నిద్ర పడుతుంది? కనుక, తరువాతి పని ఎప్పుడో చూసుకొని, అంతవరకు టిక్‌ను నిలిపి, వేరొక టైమరుకు అలారం పెట్టి పడుకోవడం మేలు. దీనినే టిక్‌లెస్ పద్ధతి అంటారు. లినక్సులో ఇది 2007లో, 2.6.21 కూర్పుతో వచ్చింది. చిన్న చిప్పులలో వాడే ఫ్రీఆర్‌టాస్‌లోనూ ఉన్నది. లేచిన తరువాత, నిద్రలో పోయిన టిక్కులన్నీ కలిపి లెక్క సరిచేయడానికి అందులో వి టాస్క్ స్టెప్ టిక్ అనే ఫంక్షన్ ఉన్నది. అది మరిస్తే కెర్నెల్ దృష్టిలో కాలమే నడవదు.

వేరొక టైమరు ఎందుకని అడగవచ్చు. కార్టెక్స్-ఎం చిప్పులోని సిస్‌టిక్ 24 బిట్ల కౌంటరు. 48 మెగాహెర్ట్జ్ వద్ద అది మూడో వంతు సెకనుకే నిండిపోతుంది. పైగా గాఢనిద్రలో ఆ క్లాకే ఆగిపోతుంది. అందువలన చేతిగడియారంలో ఉండే 32,768 హెర్ట్జ్ స్ఫటికాన్నే ఆశ్రయిస్తారు. ఈ సంఖ్య 2కు పదిహేనవ ఘాతం కావడం వల్ల సెకన్లు విడదీయడం సులువు.

ఇక నాకు అన్నిటికన్న ముచ్చటగా తోచేది పడుకునే ఆ క్షణం. 'పని ఏమీ లేదు' అని కెర్నెల్ చూసుకుంది. నిద్ర ఆదేశం డబ్ల్యు.ఎఫ్.ఐ. ఇంకా అమలు కాలేదు. సరిగ్గా ఆ సందులో ఇంటరప్ట్ వచ్చి ఒక టాస్కును సిద్ధం చేసి వెళ్లిపోయింది. కెర్నెల్‌కు ఆ సంగతి తెలియదు, పడుకుంది. పని వాకిట్లో నిలబడి ఉంది, ఇంట్లోవాళ్లు నిద్ర! ఈ తప్పు వేలసార్లలో ఒకసారి బయటపడుతుంది; ల్యాబులో దొరకదు, చేనిలో దొరుకుతుంది. విరుగుడు ఏమిటంటే, ముందు ఇంటరప్టులను మాస్కు చేసి, ఆ తరువాత పని ఉందేమో చూసి, అప్పుడు డబ్ల్యు.ఎఫ్.ఐ. ఇవ్వడం. మాస్కు ఉన్నా, వచ్చి నిలిచిన ఇంటరప్ట్ ఆర్మ్ ప్రాసెసరును లేపుతుంది. మాస్కు తీసిన పిమ్మట దాని హ్యాండ్లరు నడుస్తుంది. ఫ్రీఆర్‌టాస్‌లో ఇ టాస్క్ కన్ఫర్మ్ స్లీప్ మోడ్ స్టేటస్ అనే పొడుగు పేరు ఫంక్షన్ ఆ ఆఖరి చూపు కోసమే.

ఎంత లోతుగా పడుకోవాలన్నది మరొక ప్రశ్న. గాఢనిద్రకు పోవడానికి, లేవడానికి కూడా ఖర్చు ఉంది. అయిదు నిమిషాల కునుకుకు ఎవరూ పరుపు పరచుకోరు గదా! అందుకే ప్రతి స్థాయికీ కనీసం ఇంతసేపు ఉంటేనే లాభం అనే హద్దు పెడతారు. లినక్సులో సి.పి.యు. ఐడిల్ అనే విభాగం, జెఫిర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పాలసీ ఈ బేరమే చూస్తాయి.

కెర్నెల్ ఒక్కటీ బుద్ధిగా ఉంటే చాలదు. డ్రైవర్లు సెన్సారును వాడేముందు గెట్ అని, అయ్యాక పుట్ అని చెప్పాలి. లెక్క సున్నాకు వస్తేనే దాని కరెంటు ఆగుతుంది. గెట్ అని పుట్ మరచిన డ్రైవరు, చెయ్యి కడుక్కొని కొళాయి కట్టకుండా పోయే మనిషి వంటిది. పిన్నుల సంగతీ అంతే. 10 కిలో ఓముల పుల్‌అప్ రెసిస్టరు ఉన్న పిన్నును సున్నా వద్ద వదిలేస్తే 3 వోల్టులకు 0.3 మిల్లీ ఆంపియరు కారుతూ ఉంటుంది. పైన మనం వేసిన పదేళ్ల లెక్క పది నెలలకు పడిపోతుంది!

ప్రాజెక్టు చేసే విద్యార్థులకు ఒక మాట. నిద్ర కరెంటు కొలిచేటప్పుడు మల్టీమీటరును మైక్రో ఆంపియర్ స్థాయిలో పెట్టి బోర్డును లేపకండి. అందులోని రెసిస్టరు మీద వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. మీటరుకు అడ్డంగా ఒక స్విచ్చి పెట్టి, బోర్డు పడుకున్నాక దాన్ని తెరవండి. అప్పుడు అంకె 10 మైక్రోల దగ్గర కాక 300 దాటి నిలిస్తే, కెర్నెల్‌ను అనుమానించే ముందు పిన్నులను ఒక్కొక్కటే చూసుకోండి.