ఆయిలింజనులో లోపించిన చమురు భాగములు

రైతు సోదరులెవ్వరును ఇరుసునకు కందెన వేయక బండి కట్టరు. కందెన లేని యిరుసు కీచుమని అరచి యజమానిని హెచ్చరించును. ఆయిలింజను అట్లు హెచ్చరింపదు. లోపల చమురు అందకున్నను కొంతసేపు చక్కగనే తిరుగును. చప్పుడు మారునప్పటికి నష్టము జరిగిపోయియుండును. కావున పాత ఇంజనును విప్పి మరల కూర్చువారు విరిగిన భాగముకంటె లేని భాగమునకే యెక్కువ భయపడవలెను. విరిగినది కంటికి కనబడును, లేనిది కనబడదు. ఈ నెల పాఠమున ఆ సంగతినే వివరించుచున్నాము.

ఈ యింజనులు వచ్చిన విధము

కర్నూలు, కడప సీమలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున బావులకు కపిలయే దిక్కుగా నుండెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దొరవారు బావులకు ఆయిలింజనును, పంపును అమర్చు పద్ధతిని ఆ రాజధానిలో ప్రచారము చేసిరి. 1929లో ఇంగ్లండునందలి డర్స్లీ పట్టణపు లిస్టరు కంపెనీవారు సి.ఎస్. రకపు డీజిలింజనును వెలువరించిరి. ఆ నమూనాననుసరించి గుజరాతులోని రాజకోట కార్ఖానాలు ఇంజనులు చేసి అమ్మినవి. 1946లో పుణెలో కిర్లోస్కరు ఆయిలింజనుల కంపెనీ ఏర్పడెను. తరువాత కరెంటు మోటార్లు వచ్చినవి; బావులెండి బోర్లు లోతునకు పోయినవి; పాత ఇంజనులు కొట్టముల మూలలకు చేరినవి.

నేడు పొలములలో నీటి కుంటలు త్రవ్వించుకొన్నవారిలో, కరెంటు తీగ అందని చోటులవారు కొందరు ఆ యింజనులనే మరల నడుపజూచుచున్నారు. కుంటనీరు లోతు తక్కువ గనుక గట్టుమీది పంపు దానిని సుళువుగా పీల్చును. అయితే మూల పడియున్న ఇంజనునుండి మొదట మాయమగునవి ఇత్తడి, రాగి సామానులే. పాత సామాను అంగడిలో వానికి ధర హెచ్చు. చమురు గొట్టములు, చమురు గిన్నెలు తరచుగా ఆ లోహములతోనే చేయబడియుండును.

మేము చేసిన తప్పు

కొన్నేండ్ల క్రిందట కర్నూలు సీమలో ఒక సభ్యుడు పాత సామాను వర్తకునియొద్ద ఒంటి సిలిండరు ఇంజనును కొని, దానిని కూర్చిపెట్టుడని మమ్ము కోరెను. అతని వేరుశనగకు ఊడలు దిగుచుండెను. వాన లేదు; కుంటలో నీరు కలదు. తొందరపడి కూర్చితిమి. కనెక్టింగు రాడ్డు క్రిందికొనను పట్టియుంచు మూతకు మరలు కోసిన రంధ్రమొకటి ఖాళీగా నుండుటను చూచియు, అక్కరలేని రంధ్రమేమోయని ఊరకుంటిమి.

ఇంజను అరగంటసేపు ముచ్చటగా నడచెను. పిదప దబదబమని కొట్టుకొని నిలిచిపోయెను. చల్లారిన తరువాత విప్పి చూడగా, బేరింగులోని తెల్లలోహము కరగి తొట్టిలో పడియుండెను. క్రాంకు పిన్ను గీతలు పడియుండెను. పిన్నును సానపట్టించి, క్రొత్త బేరింగు తెచ్చునప్పటికి మూడు వారములు గడచెను. పైరు నిలువలేదు. ఆ రంధ్రములో నుండవలసినది చమురు చిమ్ము చిన్న గరిటె. ఆ సభ్యుడు మమ్ము ఒక్క మాటయు అనలేదు. అతడు ఏమైన అనియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

లోపమును కనిపెట్టుట

ఇంజను చేసినవాడు పని లేని రంధ్రమును తొలువడు. కావున ప్రతి రంధ్రమును, ప్రతి మరను లెక్కింపుడు. మరలున్న ఖాళీ రంధ్రము, ఏమియు బిగింపని నునుపైన తలము, చుట్టును మసి పట్టియుండగా నడుమ శుభ్రముగానున్న మచ్చ - ఈ మూడును అచ్చట ఒక భాగముండెనని చెప్పు గురుతులు. దాని పని తెలియువరకు ఆ రంధ్రమును బిరడాతో మూయరాదు. విప్పునప్పుడే ప్రతి చోటును ఫొటో తీసి యుంచుకొనుట మేలు.

చిమ్ము గరిటె

చిన్న ఇంజనులు పెక్కింటిలో ఈ గరిటె ప్రతి చుట్టునందు తొట్టిలోని చమురులో మునిగి, దానిని బేరింగునకును సిలిండరు గోడలకును చిమ్మును. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఇంజను అరగంటలో 19,500 చుట్లు తిరుగును. గరిటె లేనిచో అన్ని చుట్లును ఎండు రాపిడియే.

అట్టి ఇంజనే కలిగిన మరియొకరియొద్ద నమూనా తెచ్చి, లేతు పనివానిచే చేయించుట ఉత్తమము. బిగించిన పిదప, చమురు పోయకముందు, గరిటె తిరుగు చోట తొట్టి అడుగున మెత్తని మైనపు ముద్దనుంచి ఫ్లైవీలును చేతితో మెల్లగ త్రిప్పవలెను. ముద్దపై పడిన గుంటనుబట్టి గరిటె అడుగునకు తగులునో లేదో, చమురు మట్టము ఎంత యుండవలెనో తెలియును. గరిటెకు నోరున్నచో ఆ నోరు తిరుగు దిక్కునకు ఎదురుగా నుండవలెను. అది ఊడిపోకుండ లాకు వాషరు గాని, కాటరు పిన్ను గాని తప్పక వేయవలెను. ముద్దను మరువక తీసివేయుడు.

పంపు, గొట్టములు, ఉంగరము

కొన్ని ఇంజనులలో ప్లంజరు పంపు చమురును ఎత్తి పోయును. దానిలో చిన్న ఉక్కు గుండు, స్ప్రింగు, జల్లెడ ఉండును. గుండు లేనిచో పంపు కదలును గాని చమురు ఎక్కదు. అదే కొలత గల బేరింగు గుండు వేసి, పంపును గిన్నెడు చమురులో ముంచి చేతితో నొక్కి చూచిన పిమ్మటనే బిగింపవలెను.

రాగి గొట్టము పోయినచో అదే లోకొలత గల రాగి గొట్టమునే వేయుడు. వంచుటకు ముందు ఎఱ్ఱగా కాల్చి చల్లార్చిన అది మెత్తబడును, వంపున చీలదు. వేడి తగులు చోట రబ్బరు గొట్టము పనికిరాదు.

మరికొన్నిటిలో క్రాంకు షాఫ్టుమీద వదులుగా వ్రేలాడు ఇత్తడి ఉంగరము షాఫ్టుతో పాటు దొర్లుచు క్రింది చమురును పైకి తెచ్చును. క్రొత్తగా చేయించినచో అది నిండు గుండ్రముగా నుండవలెను. అతుకు ఉబ్బియున్న ఉంగరము తిరుగక నిలిచిపోవును.

ఊపిరి గొట్టము

దీనిని చాలమంది లెక్కచేయరు. పిస్టను దిగునప్పుడు తొట్టిలోని గాలి దీనిగుండా వెడలును. పిస్టను ఎక్కునప్పుడు లోని పలుచని రేకు మూసికొని గాలిని రానీయదు. రేకు పోయినచో షాఫ్టు కొనలనుండి చమురు కారును, వేసవి దుమ్ము లోపలికి చేరును. సీళ్ళు చెడినవనుకొని వానికై డబ్బు వెచ్చించుటకు ముందు ఈ రేకును చూడుడు.

మరలు

పాత ఇంగ్లీషు ఇంజనులకు విట్వర్తు మరలుండును. వాని కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రికు మరల కోణము 60 డిగ్రీలు. రెండు చుట్లకే బిగిసిపోయిన బోల్టును బలవంతముగా త్రిప్పరాదు. ఇంజను మరలే చెడిపోవును.

నడుపుటకు ముందు

చమురును మట్టమునకు పోసి, బేరింగులపై చేతితో కూడ పోసి, డీజిలు మూసి, ఫ్లైవీలును యాబది చుట్లు త్రిప్పవలెను. ఇంజను నిలిచిన తరువాత తలుపు తెరచి, ప్రతి చోటును చమురు తడిసినదో లేదో చూడవలెను. పిదప పంపు తగిలింపక అయిదు నిమిషములు నడిపి, ఆపి, ప్రధాన బేరింగులను చేతితో తాకి చూడుడు. చేయి ఓర్వలేనంత వేడియున్నచో మరల నడుపరాదు. అప్పుడు తలుపును వెంటనే తెరవవద్దు. లోపలి చమురు ఆవిరికి గాలి తగిలి మండవచ్చును. బాగుగా చల్లారనిండు.

సంఘము చేయదగిన పని

ఒక్క రైతు ఒక్క గరిటెకై ఊరూరు తిరుగుట కష్టము. సభ్యుల ఇంజనుల రకములను సంఘమున ఒక పుస్తకములో వ్రాసియుంచినచో నమూనా ఎవరియొద్ద దొరకునో వెంటనే తెలియును. ఒకరు చేయించిన భాగపు కొలతల పటమును అందులోనే అతికింపవలెను. ఇది ఖర్చు లేని పని.

ఇంజను ఒకనాడు ఆలస్యముగా తిరిగిన ఫరవాలేదు. పైరు వాడుచున్న దినములలోనే తొందర పుట్టును; ఆ దినములలోనే ఖాళీ రంధ్రమును చూచి ఆగవలెను. మేము ఆగలేదు. మీరు ఆగుడు.