మంచుకొండపై మార్గదర్శి

ఉర్దూలో పర్వతారోహకుని 'కోహ్‌పైమా' అంటారు. కోహ్ అంటే కొండ. పైమా అంటే కొలిచేవాడు. మన తెలుగు మాట కొండనెక్కడాన్ని చెప్పి ఊరుకొన్నది. ఉర్దూ మాట కొలతను కూడా చెప్పింది. మంచుకొండమీద నిజంగా జరిగే పని ఈ కొలతే. గాలిని, కాలాన్ని, మనిషిలో మిగిలిన శక్తిని అడుగడుగునా లెక్కచూచుకోవాలి. ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలన్నదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అనే ఇద్దరు తెలుగు విద్యార్థులు ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి మన రాష్ట్రం ఇంకా విడిపోలేదు. మరి ఎనిమిది రోజులకు విడిపోయింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాలలో చదువుకొంటున్నవారు. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం. ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతం, అంటే భద్రాచలానికి ఎగువన గోదావరి తీరం. అక్కడ పారిన నీరే మన ధవళేశ్వరం ఆనకట్టకు చేరుతుంది. పూర్ణకు ఆనాటికి పదునాలుగేళ్ళు నిండలేదు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన బాలిక అంతకుముందు లేదు.

గురుకులాల సంస్థకు అప్పుడు కార్యదర్శిగా ఉన్న ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ ఈ సంకల్పం చేయగా, శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షకులుగా నిలిచారు. వందమందికి పైగా పిల్లలను భువనగిరి రాతికొండపై పరీక్షించి, కొందరిని డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ సంస్థకు, వారిలో మరికొందరిని లడఖ్ చలికి పంపి, చివరకు ఇద్దరిని ఎంచారు. ఆ డార్జిలింగు సంస్థ 1954లో వెలసినది. ఎవరెస్టును తొలిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరైన తేన్సింగ్ నార్గే అక్కడే శిక్షణ నిచ్చేవారు.

ఇక కొండ సంగతి. మన గోదావరికి మంచుతో పనిలేదు. త్ర్యంబకం దగ్గర పుట్టి వాననీటితోనే బ్రతుకుతున్నది. అందుకే వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. గంగకు మూలం హిమానీనదం. అది పేరుకు తగ్గట్టు నదియే. తన బరువుకు తానే క్రిందికి జారే మంచునది. వాలు మారిన చోట బీటలు వారుతుంది. వేసవిలో మన చేలూ బీటలిస్తాయి గాని, అవి కంటికి కనిపిస్తాయి. హిమానీనదంలో కొత్త మంచు పడి, మనిషి నిలువునా దిగిపోగల బీటను కూడా కప్పివేస్తుంది. అందుచేత అందరూ ఎడమెడంగా ఒకే తాటికి కట్టుకొని నడుస్తారు. ఒకడు జారితే మిగిలినవారు ఆపుతారు.

గాలి విషయంలో చాలామంది పొరబడుతూ ఉంటారు. రాజమహేంద్రవరంలోనైనా ఎవరెస్టుపైనైనా గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి ఇరవై ఒకటే. తగ్గేది వాయుపీడనం. ఇక్కడ పాదరసం 760 మిల్లీమీటర్ల దాపున నిలిస్తే, 1981లో శిఖరంపై కొలిచినప్పుడు 253 వద్ద నిలిచింది, అంటే మూడోవంతు. కనుక శరీరాన్ని మెల్లగా అలవాటు చేయాలి. మూడువేల మీటర్లు దాటినవారు నిద్రించే తావును రోజుకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెబుతారు. పైకి పోయి, క్రిందికి దిగి పడుకొని, మళ్ళీ ఇంకొంచెం పైకి పోవాలి. ఈ పిల్లల యాత్రకు ఏడు వారాలు పట్టడానికి కారణం ఇదే. తొందరపడినవారికి ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది. ఈ రెండవది మరీ ప్రమాదకరం. మెదడు వాచినవానికి తన వివేకం తప్పినదని తనకే తెలియదు!

మార్గదర్శి అవసరం ఇక్కడ వస్తుంది. అతడు దారి చూపేవాడు మాత్రమే కాడు. మన తెలివి మనకు పనిచేయనప్పుడు మన బదులు లెక్కచూచేవాడు. ఫలానా గంటకు శిఖరం చేరకపోతే, అది కంటికి కనిపిస్తున్నా వెనుదిరగాలని ముందే నిర్ణయించుకొంటారు. 1996 మే 10న ఎవరెస్టుపై రెండు బృందాలవారు ఆ వేళ దాటిన తరువాత కూడా పైకి సాగారు. సాయంకాలం తుఫాను వచ్చింది. ఎనిమిదిమంది మరణించారు, ఆ బృందాల నాయకులైన రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ వారిలో ఉన్నారు. ఎంతో సొమ్ము చెల్లించి వచ్చినవానితో 'ఇక చాలు' అనడం ఎంత అనుభవజ్ఞునికైనా సులభం కాదు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. పాపికొండల నడుమ లాంచీ నడిపే సరంగుకు సుడులెక్కడో తెలుసు. కాని 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందరో జలసమాధి అయ్యారు. సుడుల సంగతి తెలియడం వేరు, రేవులోనే ప్రయాణం వద్దనగలగడం వేరు.

పూర్ణ సాహసాన్ని మెచ్చుకొంటూనే నాకొక సంశయం ఉన్నదని చెప్పక తప్పదు. నేపాల్ ప్రభుత్వం పదహారేళ్ళ లోపువారిని ఎవరెస్టు ఎక్కనివ్వదు. అందుచేత ఈ బృందం టిబెట్ వైపునుండి పోయింది. అదే ఋతువులో, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారుగురు కూలీలు, సహాయకులు మరణించారు. తాళ్ళు బిగించేదీ, ప్రాణవాయువు సిలిండర్లు మోసేదీ అటువంటివారే. పత్రికలలో వారి పేర్లు అరుదుగా కనిపిస్తాయి. విద్యాసంస్థ గౌరవమంతా తన భుజాలపై ఉన్నదని తెలిసిన పదమూడేళ్ళ పిల్ల 'నా వల్ల కాదు' అనగలదా? పెద్దలు ఆ మాటకు ముందుగానే చోటు ఉంచాలి. శిక్షణలో ఎన్ని దశలలో వడపోసినా, ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

మార్గదర్శి లేకుండా పోయినవారూ మనవారిలో ఉన్నారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. (నెల్లూరు సీమలో మస్తాన్ అన్న పేరు హిందువులూ పెట్టుకొంటారు, మన విద్యార్థులు దీనిని గమనింపదగును.) 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనెక్కిన మేటి. నైపుణ్యంలో ఆయనకు లోటు లేదు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా పైకి వెళ్ళారు. ఏప్రిల్‌లో అన్వేషకులు ఆయన మృతదేహాన్ని కనుగొన్నారు.