ఆసు, చిటికి, మగ్గము

ఈ సంవత్సరము మేము తరగతిలో ఒక పోచంపల్లి చీరను బల్లపై పఱచి, దీనిమీది పువ్వు లెట్లు ఏర్పడినవని విద్యార్థుల నడిగితిమి. అచ్చు వేసిరని కొందఱు, కుట్టిరని కొందఱు, నేసిన పిదప రంగు పూసిరని మఱికొందఱు చెప్పిరి. ఏ యుత్తరమును సరికాలేదు. చీరను త్రిప్పి చూపగా పువ్వు రెండువైపులను ఒక్కతీరుగనే యుండెను. ఆ పువ్వు బట్టమీద వేసినది కాదు. నేయకముందే నూలులో నేర్పడినది. ఆ విధమును ఇచ్చట వివరించెదము.

బట్టలో నిలువుగా సాగు దారము పడుగు. అడ్డముగా సాగునది పేక. ఈ పద్ధతిలో నూలు మగ్గ మెక్కుటకు ముందే, రంగు పట్టకూడని చోట్లను రబ్బరు పట్టీలతో బిగించి కట్టుదురు. దీనినే చిటికి కట్టుట యందురు. పిమ్మట నూలును రంగులో ముంచి, ఆరవేసి, కట్లు విప్పుదురు. కట్టిన చోట మునుపటి రంగే నిలుచును. అనేక వర్ణములు కావలసినచో మరల మరల కట్టి ముంచవలయును. ఈ నేతను లోకమున ‘ఇక్కత్’ అందురు. కట్టుట యను నర్థముగల మలయా మాటనుండి ఈ పేరు వచ్చినది. పోగులు కొంచెము జరుగుటచే పువ్వు అంచు లీషత్తుగా చెదరి కనబడును. అది లోపము కాదు, ఈ నేతకు గుఱుతు.

పడుగును పేకను రెండింటిని కట్టి నేయుట మిక్కిలి కష్టము. చీరాలలో ప్రసిద్ధికెక్కిన తేలియా రుమాలు అట్టిది. దాని నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిదతోను పలుమార్లు పదును చేయుదురు. ఎఱుపు, నలుపు, తెలుపు దాని ముఖ్యవర్ణములు. ఈ విద్యను పుట్టపాక గ్రామమున నిలిపినవారిలో గజం గోవర్ధనగారు ప్రముఖులు; వారికి 2011లో పద్మశ్రీ లభించినది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కలిగినది.

ఇంతవఱకు పని యందము చెప్పితిమి. ఇక శ్రమను గూర్చి చెప్పవలయును. చిటికి కట్టుటకు ముందు పేకనూలును మేకుల చట్రముమీద ఇటునటు పోయవలయును. ఇది ఆసు. తఱచుగా ఇంటి స్త్రీలే ఈ పని చేయుదురు. ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలయును. నాలుగైదు గంటలు పట్టును. శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తమ తల్లి లక్ష్మిగారు భుజముల నొప్పితో బాధపడుట చూచి, 1992లో ఆసుయంత్రమునకై పూనుకొనిరి. ఆయన పెద్దచదువులు చదివినవారు కారు. 1999లో యంత్రము సిద్ధించెను. దానితో ఆ పని సుమారు గంటన్నరలో ముగియును. 2017లో వారికిని పద్మశ్రీ లభించినది.

యంత్రము వచ్చిన పిదప ఇది చేతిపని యగునా యని ఒక విద్యార్థి యడిగెను. మంచి ప్రశ్న. ఆసుయంత్రము వచ్చినను బొమ్మను ఊహించుట, చిటికి కట్టుట, నేయుట చేతులవే. తొలగినది తల్లి భుజముల నొప్పి మాత్రమే. వేఱొక యంత్రము గలదు. అది ఈ పువ్వులనే మిల్లుబట్టపై అచ్చొత్తి తక్కువ వెలకు అమ్మునట్లు చేయును. మొదటిది నేతవారి బాధను తీర్చును. రెండవది వారి కూటినే తీసికొనును. రెండును యంత్రములే యైనను ఒకటి కావు.

మా విద్యార్థులలో నేతయింటి బిడ్డలును గలరు. తండ్రి వృత్తి యడిగినపుడు వారిలో కొందఱు తల వంచుకొని చెప్పుట చూచి మేము నొచ్చుకొంటిమి. ఇంతటి లెక్కయు, ఓర్పును గల పని చెప్పుకొనుటకు సిగ్గేల? తల్లిదండ్రులు బిడ్డలను వేఱువృత్తులకు పంపుట తప్పు కాదు. ఆ విద్యను తెలియకయే వారు వెడలిపోవుట మాత్రము నష్టము.

అభ్యాసము: ఇంటిలోని పూలబట్ట నొకదానిని త్రిప్పి చూడుడు. వెనుకవైపు రంగు వెలవెలబోయినదా? పువ్వు అంచు గీత గీచినట్లున్నదా, చెదరియున్నదా? ఆ బట్ట అచ్చుదో, నేతదో కారణములతో వ్రాయుడు. నేతవా రెవరైన సమీపమున నున్నచో, ఆ వ్రాతను వారికి చూపి సరిచూచుకొనుడు.