ఊరు గీసిన పటం చెల్లుతుందా?

ప్రశ్న: మా మేత భూములు, చెరువు శిఖం కంపెనీ కాగితాల్లో బంజరుగా ఉన్నాయి. మేమే పటం గీసుకుంటే అధికారులు లెక్కచేస్తారా?

జవాబు: తప్పకుండా గీయండి. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల చేపలకు, మేతకు, వరికి ఆధారమైన తడి నేల. థర్మల్ ప్లాంటు కోసం దాన్ని పనికిరాని భూమిగా చూపారు. 2010 జులై 14న ప్లాంటును వ్యతిరేకించినవారిపై జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. నేల వాడుకను ముందే నమోదు చేయడం అందుకే ముఖ్యం. వానాకాలం నీరు ఎందాకా పారుతుందో, మందలు ఏ దారిన వెళతాయో సర్వే నంబరు చెప్పదు.

ఊరి పటానికి చట్టబలం లేదనేవారున్నారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలోని 6వ సెక్షన్ హక్కుల పటం తయారీని గ్రామసభకే అప్పగించింది. మీది అటవీ భూమి కాకపోతే ఆ సెక్షన్ వర్తించదు, నిజమే. అయినా ప్రాజెక్టుపై జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో పటాన్ని రాతపూర్వక అభ్యంతరంతో జతచేయవచ్చు. గీసేటప్పుడు జాలర్లను, కాపరులను, కూలి స్త్రీలను తప్పక కూర్చోబెట్టండి.