బిడ్డ చావుకు తల్లి పాపం కారణమా?

సమస్య

ఎమ్మిగనూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం అడుగుతున్నది ఒక్కటే: బిడ్డ చనిపోవడం తల్లిదండ్రుల పాపానికి దేవుడు వేసిన శిక్షేనా? రాసినామెకు ముప్పై నాలుగేళ్లు. రెండెకరాల వర్షాధారపు చేను, అందులో పత్తి. పంట దక్కని ఏడు మొగుడూ పెళ్లాలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో ఇది కొత్త కాదు. కోతల కాలం వస్తే ఇళ్లకు తాళాలు పడతాయి, ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. కిందటేడు ఏడేళ్ల కొడుకునూ, వాడి అక్కనూ అవ్వ దగ్గర వదిలి వెళ్లారు. పిల్లవాడికి జ్వరం వచ్చింది. రెండు రోజులు బిళ్లలతో గడిచిపోయాయి. మూడో రోజు ఊళ్లోనే సూది వేయించారు. పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. మిరపకాయల మంట ఇంకా చేతుల్లో ఉండగానే తల్లి బస్సెక్కి వచ్చింది, బిడ్డ దక్కలేదు.

ఆ దుఃఖం మీద రెండు మాటలు వచ్చి పడ్డాయి. అత్తది మొదటిది. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కిన మొక్కు తీర్చకుండా కోడలు చర్చికి పోవడం వల్లే ఇంత జరిగిందని ఆమె అంటోంది. సంఘపెద్దది రెండోది. ఆదివారం ఆరాధన మాని కూలికి పోయినందుకు, ఇంట్లో ఇంకా మొక్కులు సాగుతున్నందుకు దేవుడు దండించాడని ప్రార్థన కూటంలో అందరి ముందూ అన్నాడు. పాపం ఒప్పుకుని సాక్ష్యం చెబితేనే బల్లలో, అంటే ప్రభు సంస్కారంలో, పాలు పొందాలని షరతు పెట్టాడు. ఆనాటి నుంచి ఆమె బైబిలు తెరవలేదు. తనను ఇట్లా శిక్షించే దేవుణ్ని నమ్మడమా, మానడమా అన్నది ఆమె ప్రశ్న.

సలహా

బాధ గురించి బైబిలు ఒకే గొంతుతో మాట్లాడదు. విధేయతకు దీవెన, అవిధేయతకు శాపం అన్న లెక్క ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో విస్తారంగా ఉంది. సంఘపెద్ద నిలబడినది ఆ లెక్క మీదే. అయితే ఆ అధ్యాయం ఒక జాతి మొత్తానికి చెప్పిన నిబంధన. ఒక ఇంట్లో ఒక పిల్లవాడికి జ్వరం ఎందుకు వచ్చిందో తేల్చడానికి రాసింది కాదు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందనే మాట నిర్గమకాండము 20లో ఉన్నదీ నిజమే. దాన్ని అదే బైబిల్లో తరువాతి ప్రవక్తలు తిరగరాశారు. యూదులు బబులోను చెరలో మగ్గుతూ, పెద్దలు చేసిన పాపానికి తాము బలవుతున్నామని కుమిలిపోతున్న కాలంలో, తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం తెగేసి చెబుతుంది. యిర్మీయా 31 కూడా అంతే. పాత వాక్యాన్ని కొత్త దుఃఖం ఎదుట పెట్టి మళ్లీ చదవడం విశ్వాసం తప్పిపోవడమైతే ఈ ఇద్దరు ప్రవక్తలూ తప్పినవాళ్లే అవుతారు.

ఈ తల్లి ముందుగా చదవవలసింది యోబు గ్రంథం. 42 అధ్యాయాల ఈ గ్రంథంలో ఓపికను మెచ్చే మొదటి రెండు అధ్యాయాల మీదే ప్రసంగాలు ఎక్కువగా నిలుస్తాయి. మూడో అధ్యాయం నుంచి యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు, దేవుణ్ని వ్యాజ్యానికి పిలుస్తాడు. పదిమంది బిడ్డలను ఒక్క రోజున పోగొట్టుకున్నవాడి మాటలవి. పరామర్శకు వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక సంఘపెద్ద అన్నదే అన్నారు. ఎనిమిదో అధ్యాయంలో బిల్దదు మరీ ముందుకు పోయి, చనిపోయిన పిల్లలే పాపం చేసి ఉంటారన్నట్టు మాట్లాడతాడు. చివరికి 42వ అధ్యాయంలో దేవుని తీర్పు ఎవరి మీదికి వచ్చిందో గమనించాలి. తన గురించి యోబులాగా యుక్తమైనది పలకలేదని దేవుడు కోపించింది ఆ ముగ్గురు స్నేహితుల మీద. వాళ్ల కోసం ప్రార్థించే పని యోబుకే అప్పగించాడు. దేవుని పక్షాన వాదించామనుకున్నవాళ్లు తప్పినవాళ్లయ్యారు, దేవుణ్ని నిలదీసినవాడు నిలిచాడు. ఇంత స్పష్టంగా ఉన్నా ఈ తీర్పు సంతాప కూటాల్లో వినిపించకపోవడం బాధాకరం.

గ్రంథాంతంలో యోబుకు మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు కలిగారు. దాన్ని చూపించి ఇంకో బిడ్డ పుడితే దుఃఖం తీరుతుందని ఈ తల్లికి ఎవరూ చెప్పకూడదు. పోయిన పదిమంది తిరిగి వచ్చారని గ్రంథం ఎక్కడా అనలేదు.

కొత్త నిబంధనలో యేసును ఇదే ప్రశ్న సూటిగా అడిగారు. యోహాను 9లో పుట్టుగుడ్డిని చూసి, పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే రెండూ కావని జవాబిచ్చాడు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే పాపులేమీ కాదన్నాడు. మారుమనస్సు పొందమన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. కానీ అది వింటున్నవాళ్లకు చేసిన హెచ్చరిక, చచ్చిపోయినవాళ్ల మీద చెప్పిన తీర్పు కాదు. దండన గురించి పెద్దలు తరచూ ఎత్తే హెబ్రీయులకు 12వ అధ్యాయం విశ్వాసం కోసం హింసలు పడుతున్న పెద్దవాళ్లను ఉద్దేశించింది. తల్లికి బుద్ధి చెప్పడానికి దేవుడు బిడ్డ ప్రాణం తీస్తాడనే అర్థం అందులో లేదు.

ఒక్క కథ మాత్రం మింగుడుపడదు. సమూయేలు రెండవ గ్రంథం 12లో, ఊరియాను చంపించి అతని భార్యను చేసుకున్న దావీదుకు పుట్టిన బిడ్డ చనిపోతాడు. అది దావీదు పాపఫలమని నాతాను ప్రవక్త చెబుతాడు. దాన్ని దాచి సలహా చెప్పడం నిజాయితీ కాదు. ఏ పాపమూ ఎరుగని ఆ పసివాడు ఎందుకు చావాలన్న ప్రశ్నకు ఆ అధ్యాయం జవాబివ్వదు. అయితే అక్కడ ఉన్నది హత్య చేయించిన ఒక రాజు సంగతి. కూలికి పోయిన తల్లిని ఆ రాజు పక్కన నిలబెట్టే అధికారం ఏ సంఘపెద్దకూ లేదు.

అత్తగారి మాట కూడా ఆమె సొంత సంప్రదాయం ముందు నిలవదు. భారతం ఆదిపర్వంలో మాండవ్య ముని కథ ఉంది. చేయని దొంగతనానికి కొరత వేయబడిన ముని, తనకు ఈ బాధ ఎందుకని యమధర్మరాజును అడుగుతాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకని జవాబు వస్తుంది. పసితనపు తప్పుకు ఇంత శిక్షా అని ముని ధర్మరాజునే శపించి, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కాదని కట్టడి చేస్తాడు. ధర్మదేవత విదురుడై పుట్టింది ఆ శాపం వల్లే. కర్మ గతి అంతుచిక్కనిదని గీత నాలుగో అధ్యాయం అంటుంది. అంతుచిక్కనిదాన్ని పక్కింటివాళ్ల విషయంలో మాత్రం లెక్కగట్టి చెప్పడం ఎట్లా కుదురుతుంది?

శిక్ష అనే లెక్క గొప్పవాళ్లకూ తోస్తుంది. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన దండన అని గాంధీ అన్నారు. ఆయనను ఎంతో గౌరవించే రవీంద్రనాథ్ ఠాగూరు దాన్ని బహిరంగంగా ఖండించారు. అట్లాంటి ఆపదల్లో వెతకాల్సింది కారణాలను. 1876-78 నాటి ధాతు కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. ఆ చావులకు వానలు లేకపోవడంతో పాటు, తిండిగింజల ఎగుమతిని ఆపని సర్కారు, కరువు పనుల్లో రోజుకు పౌను గింజలకు కుదించిన కూలి కారణాలు. అదే కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు నేల మీద అన్ని వేలమంది సంఘంలోకి వచ్చింది, ఆపదలో తమను పాపులని వేలెత్తి చూపకుండా పని చూపినవాళ్ల వెంట.

ఈ బిడ్డ చావుకూ కారణాలు ఉన్నాయి: పండని చేను, అప్పు, సుగ్గి, జ్వరాన్ని గుర్తించడంలో ఆలస్యం. కారణం వేరు, నేరం వేరు. ఇల్లు గడవడానికి పోయిన తల్లి ఆ కారణాల్లో చిక్కుకుంది, వాటిని తను తయారుచేయలేదు. మరో సుగ్గి వచ్చేలోపు మిగిలిన కూతురి ఏర్పాటు చూసుకోవాలి. వలసపోయే కుటుంబాల పిల్లల కోసం సర్కారు బడుల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు, హెడ్మాస్టరును ముందే అడిగి పేరు రాయించుకోవచ్చు. జ్వరం రెండో రోజు దాటితే రక్తపరీక్ష తప్పనిసరి అని అవ్వకు గట్టిగా చెప్పి వెళ్లాలి. ఆమెకు నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

నమ్మడమా, మానడమా అన్నది ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. బైబిలు తెరవాలనిపించిన రోజున 88వ కీర్తనతో మొదలుపెట్టవచ్చు. ఓదార్పు దొరక్కుండానే చీకటిలో ముగిసే ప్రార్థన అది, అయినా ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. సంఘపెద్ద అడిగిన సాక్ష్యం ఆమె ఇవ్వనక్కర్లేదు. చేయని పాపాన్ని ఒప్పుకోవడానికి యోబు చివరిదాకా నిరాకరించాడు. సంఘాన్ని నడిపే పాస్టరును ఇంటికి పిలిపించి, భర్తను పక్కన కూర్చోబెట్టుకుని, యోబు 42వ అధ్యాయం తెరిచి, చేయని పాపం ఒప్పుకోనని చెప్పవచ్చు. పాస్టరు కూడా షరతు ఎత్తేయకపోతే, బల్లలో పాలు ఇచ్చే మరో సంఘం ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో దొరుకుతుంది.